మీకు తెలుసా? పొర తిప్పితే నలుపు తెలుపవుతుంది

పాత గేమ్‌బాయ్ తెర వెనక అంటించిన పల్చటి పొర ఊడదీసి, కొత్తది 90 డిగ్రీలు తిప్పి పెడితే బొమ్మ తారుమారవుతుంది: నల్లగా ఉన్నచోటల్లా వెలుగు, వెలుగున్నచోట నలుపు! ఆ పొర పేరు పోలరైజర్.

1989లో నింటెండో తెచ్చిన ఈ ఆటపెట్టెకు తెర వెనక లైటు లేదు. అందుకే దాన్ని విప్పి లైటు బిగించుకునేవాళ్లు పొరను అడ్డంగా తిప్పి, మామూలు ఇన్వర్టర్ చిప్ ఒకటి సోల్డర్ చేసి బొమ్మను మళ్లీ తిరగేస్తారు. రెండుసార్లు తారుమారైన బొమ్మ ఎప్పటిలాగే కనిపిస్తుంది, కాకపోతే నలుపు ఇంకా చిక్కగా. విప్పడమే తంటా, స్క్రూ తలలకు మూడు రెక్కలుంటాయి. ఇంట్లో ఉండే స్క్రూడ్రైవర్ పట్టదు.

మన ఊళ్లలో అటకలు వెతికితే గేమ్‌బాయ్ కన్నా బ్రిక్ గేమ్ అనే ఆటపెట్టె దొరికే అవకాశమే ఎక్కువ. దాని తెరదీ, క్యాలిక్యులేటర్ తెరదీ ఇదే సూత్రం.