బోర్డు మీద మధ్యధరా, పొయ్యి మీద నాబ్లుస్

జుమా నమాజు ముగించుకుని మస్జిదు బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు గంటలైంది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వచ్చి అప్పటికి మూడు వారాలు. 2024 అక్టోబర్ నెల అది. షికాగో నగరానికి నైరుతి దిక్కున బ్రిడ్జ్‌వ్యూ అని ఒక చిన్న ఊరుంది. అక్కడి హార్లెమ్ అవెన్యూ రోడ్డు వెంట ఎటు చూసినా అరబీ అక్షరాల బోర్డులే. మాంసం కొట్లు, మిఠాయి దుకాణాలు, బురఖాలు అమ్మే షాపులు. ఆ ప్రాంతాన్ని జనం 'లిటిల్ పాలస్తీనా' అని పిలుచుకుంటారు. మాకైతే గుంటూరు లాలాపేటలో రంజాన్ సాయంత్రం నడుస్తున్నట్టే అనిపించింది, చలి ఒక్కటి మినహాయిస్తే.

"ఇవాళ బయట తిందాం అబ్బా" అని అబ్బాయి ఒక చిన్న కేఫ్ ముందు కారు ఆపాడు. బోర్డు మీద 'మెడిటరేనియన్ ఫ్యూజన్ కేఫ్' అని ఉంది. అంటే మధ్యధరా సముద్ర తీరపు వంటలను వేరే దేశాల వంటలతో కలిపి వడ్డించే చోటన్న మాట. మా ఇంటావిడ గుమ్మంలోనే ఆగిపోయింది. "హలాలేనా? ముందు అది కనుక్కో" అంది కొడుకుతో.

ఆమె అడిగింది సబబే. విదేశాలకు వెళ్ళే మన పిల్లలు, పెద్దలు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. మెడిటరేనియన్ అని రాసి ఉన్నంత మాత్రాన అది ముస్లింల హోటల్ అనుకోరాదు. ఆ సముద్రం చుట్టూ గ్రీసు, ఇటలీ, స్పెయిన్ కూడా ఉన్నాయి. గ్రీకుల 'గైరో' చూడటానికి అచ్చం షావర్మాలాగే ఉంటుంది గానీ, గ్రీసులో దాన్ని ఎక్కువగా పంది మాంసంతోనే చేస్తారు. కొన్ని వంటల్లో సారాయి కలుస్తుంది. అడగడానికి మొహమాటపడి, తిన్న తర్వాత బాధపడటం దేనికి?

కౌంటరు దగ్గర కూర్చుని కాలేజీ పుస్తకం చదువుకుంటున్న అమ్మాయి మా ప్రశ్న విని నవ్వి, లోపలి నుంచి వాళ్ళ నాన్నను పిలిచింది. ఆయనకు యాభై ఏళ్ళుంటాయి. ఏమాత్రం నొచ్చుకోలేదు. "రండి హాజీ" అంటూ మాంసం ఎక్కడి నుంచి వస్తుందో రాసి ఉన్న కాగితం చూపించారు. చేత్తో జబహ్ చేసిన మాంసమే కొంటామని చెప్పారు. యంత్రంతో కోసిన కోడి విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి, అందులోకి మేము దిగటం లేదు. ఇంతకీ మేము హజ్ చేయలేదు. అరబ్బుల్లో వయసు మళ్ళినవాళ్ళను గౌరవంగా 'హాజీ' అనడం మామూలేనని అబ్బాయి చెవిలో చెప్పాడు. దువా అనుకుని స్వీకరించాం.

ఆ కేఫ్‌లో పనిచేసేవారంతా ఒకే కుటుంబం. యజమాని పొయ్యి దగ్గర, ఆయన భార్య రొట్టెల దగ్గర, ఇద్దరు కొడుకులు వడ్డనలో, కూతురు లెక్కల దగ్గర. వెనక వంటగదిలో ఎత్తు పీట మీద ఎనభై ఏళ్ళ తల్లి కూర్చుని వంకాయలు కోస్తున్నారు. (కేఫ్ పేరు, తమ పేర్లు రాయవద్దని వారు కోరారు.)

ముందు బల్ల మీదికి హమ్మస్ వచ్చింది. కాబూలీ శనగలు ఉడికించి, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి కలిపి మెత్తగా నూరుతారు. పైన ఆలివ్ నూనె పోస్తారు. తర్వాత ఫలాఫెల్. నానబెట్టిన శనగలను ఉడికించకుండానే రుబ్బి, కొత్తిమీర, ఉల్లి కలిపి నూనెలో వేస్తారు. మన మసాలా వడకు దాయాది. దీన్నే ఈజిప్టు వాళ్ళు శనగలతో కాక పెద్ద చిక్కుడు గింజలతో చేస్తారట. గుడ్డలో కట్టి నీరంతా పోనిచ్చిన గట్టి పెరుగు 'లబ్నె'. ఇవన్నీ బాగానే ఉన్నాయి. జాబితాలో కొన్ని వింతలు కూడా కనిపించాయి. కీమా వేసిన హమ్మస్! చికెన్ 65 పెట్టి చుట్టిన షావర్మా! ఇదేమిటమ్మా అంటే, చదువుకోవడానికి వచ్చిన హైదరాబాద్ కుర్రాళ్ళు అడిగి అడిగి చేయించుకున్నారని ఆ అమ్మాయి చెప్పింది. చికెన్ 65 మద్రాసులో పుట్టిన వంటకం. అది ఒక పాలస్తీనా ఇంటి రొట్టెలో చుట్టుకుని షికాగో శివార్లలో అమ్ముడవుతోంది. నాన్నమ్మ మాత్రం ఆ షావర్మా వైపు కన్నెత్తి చూడరట.

తాగడానికి ఎర్రటి షర్బత్ తెచ్చారు. 'కర్కదే' అన్నారు. ఒక గుటక వేసి మా ఇంటావిడ "ఇది మన గోంగూర పులుపే!" అంది. అబ్బాయి నవ్వాడు గానీ ఆమె అన్నది అక్షరాలా నిజం. పుల్ల గోంగూర మొక్కకు కాయ చుట్టూ ఎర్రటి దళసరి రేకులుంటాయి. వాటిని ఎండబెట్టి కాచిందే కర్కదే. ఈజిప్టు, సూడాన్ దేశాల్లో ఇది ఇంటింటి పానీయం. మనం ఆకు తింటాం, వాళ్ళు ఆ రేకులు కాచుకుంటారు.

ఆ మాట విన్న యజమాని, ఏమనుకున్నారో ఏమో, లోపలికి వెళ్ళి తల్లితో మాట్లాడి వచ్చారు. "జాబితాలో లేనిది ఒకటుంది. శుక్రవారం మా ఇంటివాళ్ళ కోసం వండుకుంటాం. తింటారా?" అని అడిగారు.

దాని పేరు మక్లూబా. తలకిందులు చేసినది అని అర్థం. గిన్నె అడుగున మాంసం, పైన వేయించిన వంకాయ ముక్కలు, ఆపైన బియ్యం పేర్చి వండుతారు. వంటయ్యాక గిన్నె మీద పెద్ద పళ్ళెం బోర్లించి, రెంటినీ పట్టుకుని ఒక్కసారిగా తిప్పేస్తారు. ఆ పని నాన్నమ్మదే. మనవడు బరువు పట్టాడు, ఆమె తిప్పారు. తర్వాత గిన్నె అడుగున అరచేత్తో నాలుగు దెబ్బలు వేసి, బిస్మిల్లా అంటూ మెల్లగా పైకి లేపారు. కేఫ్‌లో అందరూ తిండి ఆపి అటే చూస్తున్నారు. అన్నం చెదరకుండా గోపురంలా నిలబడింది. అప్పుడుగానీ ఆమె ముఖంలో నవ్వు రాలేదు. రుచి అడిగితే, బిర్యానీ తిన్న నాలుకకు కారం తక్కువే. అయితే వంకాయ వెన్నలా కరిగి అన్నంలో కలిసిపోయింది. పక్కన పెరుగు. మా మనవరాలు రెండోసారి పెట్టించుకుంది.

తింటూ తింటూ మాటల్లో పడ్డాం. వారిది నాబ్లుస్ పట్టణం దగ్గర ఒక పల్లె. కునాఫా అనే జున్ను మిఠాయికి ఆ ఊరు పెట్టింది పేరు. 1967 యుద్ధం తర్వాత యజమాని తండ్రి వలస వచ్చి ఇక్కడ కిరాణా కొట్టు పెట్టారు. కేఫ్ పెట్టి ఇరవై ఏళ్ళు. మరి బోర్డు మీద మెడిటరేనియన్ అని ఎందుకు రాశారు, పాలస్తీనా అని ఎందుకు రాయలేదు అని అడిగాం.

"2001 సెప్టెంబర్ తర్వాత అరబ్ అనే మాట బోర్డు మీద రాయడానికి ధైర్యం ఎవరికుంది హాజీ? సముద్రంతో ఎవరికీ పగ ఉండదు కదా!" అన్నారాయన. కూతురు వెంటనే అందుకుంది: "మా నాన్నమ్మ ఆ సముద్రాన్ని ఒక్కసారే చూసింది, చిన్నప్పుడు."

నాబ్లుస్ కొండల మధ్య ఊరు. సముద్రం అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు. అయినా వెస్ట్ బ్యాంక్ పాలస్తీనీయులు ఆ తీరానికి వెళ్ళాలంటే ఇజ్రాయెల్ అనుమతి పత్రం కావాలి. ఎవరికీ అడ్డు చెప్పని పేరని ఆ కుటుంబం ఎంచుకున్నది, వాళ్ళ నాన్నమ్మ పోలేని చోటి పేరు. ఇలాంటిదే మరొకటి చెప్పాలి. 2010లో యునెస్కో 'మధ్యధరా ఆహారం' మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వమని గుర్తించినప్పుడు అందులో ఉన్నవి స్పెయిన్, గ్రీసు, ఇటలీ, మొరాకో. 2013లో సైప్రస్, క్రొయేషియా, పోర్చుగల్ చేరాయి. పోర్చుగల్ ఉన్నది అట్లాంటిక్ ఒడ్డున. పాలస్తీనా, లెబనాన్, సిరియా పేర్లు ఆ జాబితాలో లేవు. అదే 2010లో మన హైదరాబాద్ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. అరబ్బుల హరీస్ నుంచి వచ్చిన వంటకమే అది. నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల బార్కస్ మనకు తెలియనిదా? పేరు మార్చుకోవలసిన అవసరం మన ఊళ్ళో వాళ్ళకు రాలేదు. ఇరాన్ నుంచి వచ్చినవాళ్ళు కూడా 'ఇరానీ హోటల్' అని ధైర్యంగానే రాసుకున్నారు. బ్రిటన్‌లో మాత్రం సిల్హెట్ నుంచి వచ్చిన బంగ్లాదేశీయులు 'ఇండియన్ రెస్టారెంట్' అని బోర్డులు పెట్టుకున్నారు.

ఆ బోర్డు మీద తండ్రీకూతుళ్ళ మధ్య ఏడాదిగా వాదన నడుస్తోందట. 'పాలస్తీనా వంటిల్లు' అని మార్చాలని ఆమె పట్టు. ఆయనకు భయం. ఆ భయానికి కారణం ఉంది. 2023 అక్టోబర్‌లో ఇదే షికాగో శివార్లలో ఆరేళ్ళ పాలస్తీనా బాలుణ్ణి ఇంటి యజమానే కత్తితో పొడిచి చంపాడు. తల్లి గాయాలతో బతికింది. హంతకుడికి 2025 మే నెలలో 53 ఏళ్ళ జైలు శిక్ష పడింది. ఆ పసివాడి జనాజా నమాజు జరిగింది మేము జుమా చదివిన ఆ బ్రిడ్జ్‌వ్యూ మస్జిదులోనే. "ఆ రోజు కేఫ్ మూసి అందరం వెళ్ళాం. నా కూతురు ఈ కౌంటరు దగ్గర ఒంటరిగా కూర్చుంటుంది హాజీ" అన్నారాయన. ఇద్దరిలో ఎవరిది తప్పని చెప్పగలం? మాకు ఆడపిల్ల ఉంది, ఆయన వైపే మనసు మొగ్గింది. మా మనవరాలు మాత్రం ఆ అమ్మాయి పక్షం.

నాన్నమ్మ ఈ వాదనలో తలదూర్చలేదు. ఆమె దిగులంతా ఆలివ్ తోట మీదే. అక్టోబర్, నవంబర్ అక్కడ కాయలు కోసే కాలం. ఊళ్ళో ఉన్న తమ్ముడి కొడుకులు చూసుకుంటున్నారు. ఇజ్రాయెల్ కాలనీల పక్కనున్న తోటల్లోకి వెళ్ళాలంటే సైన్యం ఒప్పుకోవాలి. 2023లో కాయ చెట్టు మీదే రాలిపోయిందని చెప్పి ఆమె ఊరుకున్నారు. ఖుర్ఆన్‌లో అల్లాహ్ ప్రమాణం చేసిన చెట్లలో ఆలివ్ ఒకటి. ఆ మాట మా ఇంటావిడ 'వత్తీని వజ్జైతూన్' అని ఎత్తుకోగానే, భాష తెలియని ఆ ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి ఆ సూరా పూర్తి చేశారు.

తర్వాతి శుక్రవారం మళ్ళీ వెళ్ళాం. గుంటూరు నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి సీసాను మా ఇంటావిడ వాళ్ళకిచ్చింది. కారం జాగ్రత్త అని మూడుసార్లు చెప్పించింది. చికెన్ 65 షావర్మాను ఏనాడూ ముట్టని నాన్నమ్మ ఆ పచ్చడిని లబ్నెలో కలిపి రొట్టెతో తిన్నారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఇంకొంచెం వేయించుకున్నారు.

మేము తిరిగి వచ్చే ముందు చివరిసారి వెళ్ళినప్పుడు బోర్డు అలాగే ఉంది. బల్ల మీది జాబితా కార్డు మాత్రం కొత్తది. మొదటి వరుసలో 'మక్లూబా - నాబ్లుస్, పాలస్తీనా - శుక్రవారం మాత్రమే' అని అచ్చయింది. ఎవరు గెలిచారని మేము అడగలేదు.

పచ్చడి సీసా మాకు తిరిగి ఇచ్చారు. ఇచ్చిన గిన్నెను ఖాళీగా పంపకూడదన్న ఆచారం వాళ్ళలోనూ ఉందట. మూత గట్టిగా బిగించిన ఆ సీసా నిండా పచ్చటి ఆలివ్ నూనె. నాలుగు తువ్వాళ్ళలో చుట్టి పెట్టెలో పెట్టుకుని గుంటూరు దాకా తెచ్చుకున్నాం. మూత తీస్తే అందులోంచి ఇప్పటికీ కొంచెం గోంగూర వాసన వస్తుంది.