కుమార్తెల హక్కు కోసం కలం పట్టిన సుగ్రా హుమాయూన్ మీర్జా

దివ్యఖుర్ఆన్ నాలుగవ సూరా పేరు ‘అన్నిసా’, అనగా స్త్రీలు. తల్లిదండ్రులు విడిచివెళ్లిన ఆస్తిలో కుమార్తెకూ భాగముందని, మహర్ భార్య హక్కు అని అల్లాహ్ శాసించిన సూరా అది. సుమారు వందేళ్ల క్రితం హైదరాబాదు నుండి ఒక మహిళ అదే పేరుతో ఉర్దూ మాసపత్రికను నడిపారు. ఆమే సుగ్రా హుమాయూన్ మీర్జా.

1884లో హైదరాబాదులో జన్మించిన సుగ్రా ఇంటివద్దనే ఉర్దూ, ఫార్సీ అభ్యసించారు. తండ్రి సఫ్దర్ అలీ వైద్యులు. 1901లో బారిస్టర్ సయ్యద్ హుమాయూన్ మీర్జాతో ఆమె వివాహం జరిగింది. కవితలు, నవలలు, యూరప్ యాత్రా విశేషాలు రచించారు. కలం పేరుగా ‘హయా’ అనే పదాన్ని ఎంచుకున్నారు. 1934లో తండ్రి పేరిట సఫ్దరియా బాలికల పాఠశాలను నెలకొల్పారు. అది వెలసిన హుమాయూన్ నగర్ ఆమె భర్త పేరు మోస్తున్న ప్రాంతమే. 1958లో ఆమె ఇహలోకం వీడారు.

సుగ్రా సంప్రదాయ పర్దాను విడిచారు. ఈ విషయంలో ఉలమాలు ఆమెతో ఏకీభవించరు. ఈ వ్యాసకర్త కూడా ఏకీభవించడు. కాని ఒక విషయంలోని భేదాభిప్రాయాన్ని సాకుగా చూపి ఆమె చెప్పిన సత్యాన్ని తోసిపుచ్చడం న్యాయం కాదు. స్త్రీ విద్య పరాయివారి నుండి అరువు తెచ్చుకున్నది కాదు. హజ్రత్ ఆయిషా (రజి) నుండి రెండువేలకు పైగా హదీసులు మనకు అందాయి. పెద్దపెద్ద సహాబాలు సైతం ధర్మసందేహాలతో ఆమెను ఆశ్రయించేవారు. కరీమా మర్వజియ్యా మక్కాలో సహీహ్ బుఖారీని బోధించగా, పండితులు ఆమె ముందు కూర్చుని నేర్చుకున్నారు. అటువంటి ఉమ్మత్‌లో ఆడపిల్ల చదువు వివాదాంశం కావడమే విచారకరం.

మన జహీరాబాద్ కూడా నాడు నిజాం రాజ్యంలోనిదే. నేడు కళాశాలలు దగ్గరయ్యాయి. అయినా పదవ తరగతి కాగానే కుమార్తెను చదువు మాన్పించే తండ్రులు ఇంకా ఉన్నారు. వారసత్వం సంగతి మరీ బాధాకరం. “జహేజ్ ఇచ్చాం కదా, ఇక వాటా ఎందుకు?” అంటారు. జహేజ్ ఆచారం మాత్రమే. వాటా అల్లాహ్ నిర్ణయం. ఆచారం చెల్లించినంత మాత్రాన దైవాజ్ఞ తీరిపోదు. సోదరుల ముఖం చూసి, పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో, “మాఫ్ చేశాను” అని చెల్లెలు చెప్పే మాట మనస్ఫూర్తిగా వదులుకోవడం కాజాలదు. ముందు ఆమె వాటా ఆమె చేతిలో పెట్టాలి. ఆ తరువాత ఇవ్వడమో, ఉంచుకోవడమో ఆమె ఇష్టం.

సుగ్రా రచనలు ఉర్దూలో ఉన్నాయి. తెలుగులో చదివే మన పిల్లలకు అవి అందడం లేదు. రెండు భాషలూ వచ్చిన సోదరీమణులు వాటిని తెలుగులోకి తెస్తే ఎంతో మేలు జరుగుతుంది. అంతవరకు ప్రతి ఇంటిలో తల్లిదండ్రులు తమ కుమార్తెలతో కూర్చుని సూరా అన్నిసాను అర్థంతో సహా చదవాలి. తన హక్కు ఏమిటో ఆడపిల్లకు తండ్రి నోటనే తెలియాలి. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.