ఇంట్లో క్రిప్టో మైనింగ్: గ్రాఫిక్స్ కార్డుకు కలిసిరాని లెక్క

గ్రాఫిక్స్ కార్డు పుట్టింది వీడియో గేముల కోసం. తెర మీది లక్షలాది చుక్కల రంగులను ఒకేసారి లెక్కకట్టడం దాని పని. అందుకే మామూలు ప్రాసెసర్‌లో పదో పదహారో కోర్లుంటే, 2020లో వచ్చిన ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3080లో 8,704 ఉన్నాయి. బిట్‌కాయిన్ మైనింగ్‌కు కావలసిందీ ఈ మూకుమ్మడి లెక్కే. బ్లాకు అనే లావాదేవీల జాబితాకు ఒక సంఖ్య జోడించి హ్యాష్ (ఆ సమాచారం నుంచి లెక్కకు వచ్చే మరో సంఖ్య) కట్టాలి. వచ్చిన ఫలితం నిర్ణీత హద్దు దాటితే సంఖ్య మార్చి మళ్లీ కట్టాలి. అడ్డదారి లేదు. హద్దులోపు ఫలితం ముందు ఎవరికి దొరికితే బహుమానం వారిది. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదలైనప్పుడు మామూలు ప్రాసెసరే సరిపోయింది. 2010లో గ్రాఫిక్స్ కార్డులు దిగి దాన్ని వెనక్కి నెట్టాయి.

అయితే ఈ ఆటలో ఒక నియమముంది. ప్రతి 2,016 బ్లాకులకోసారి లెక్క కష్టాన్ని నెట్‌వర్కే సవరిస్తుంది. ఎన్ని యంత్రాలు చేరినా సగటున పది నిమిషాలకు ఒక్క బ్లాకే వస్తుంది. యంత్రాలు పెరిగితే నాణేలు పెరగవు, ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. చివరికి నిలిచేది చౌక కరెంటు, ప్రత్యేక యంత్రం ఉన్నవారే. 2013లో హ్యాష్ కోసమే చేసిన ఏసిక్ చిప్పులు వచ్చాక బిట్‌కాయిన్‌లో గ్రాఫిక్స్ కార్డు పని ముగిసింది. 2015 జులైలో మొదలైన మరో క్రిప్టో నెట్‌వర్క్ ఎథీరియం, మెమరీ మీద భారం మోపే పద్ధతితో దానికి రెండో జీవితమిచ్చింది. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం మైనింగ్‌నే వదిలేసింది. ఆ నెట్‌వర్క్ కరెంటు వాడకం 99 శాతానికి పైగా పడిపోయింది.

అయినా ఇంట్లో మైనింగ్ చేద్దామనుకునేవారి కోసం, కోనసీమలోని అప్పనపల్లిలో ఒక ఇంటి లెక్క చూద్దాం. ఆరు కార్డుల యంత్రం ఒక కిలోవాట్ లాగితే రోజుకు 24 యూనిట్లు, నెలకు 720. ఆ ఇల్లు అప్పటికే 200 యూనిట్లు వాడుతుంటే, 2022లో అమలైన స్లాబుల ప్రకారం అదనపు ఛార్జీ సుమారు రూ.6,750. 400 యూనిట్లు దాటాక ప్రతి యూనిట్ రూ.9.75. ఆ కిలోవాట్ అంతా చివరికి వేడిగానే గదిలో చేరుతుంది. ఏసీ పెడితే మరికొంత బిల్లు. పైగా వైనతేయ నది తీరాన సముద్రం దగ్గరి తేమగాలి సర్క్యూట్ బోర్డులకు పడదు. బిల్లులో కనిపించని మూల్యమూ ఉంది. అప్పనపల్లి ఉన్న మామిడికుదురు మండలంలోనే నగరం గ్రామంలో 2014 జూన్ 27న పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసిన గొట్టం, కరెంటు ఉత్పత్తికి గ్యాస్ మోసేదే.

నాణెం ధర పెరిగితే లాభమే కదా అంటారు. ధర పెరగగానే కొత్త యంత్రాలు చేరతాయి, వాటా మళ్లీ తగ్గుతుంది. ధర మీదే నమ్మకముంటే నాణెమే కొనవచ్చు, యంత్రం అక్కర్లేదు. సోలార్ ఉంటే కరెంటు ఉచితమే అన్నది మరో వాదన. కిలోవాట్ పలకలు రోజుకిచ్చేది నాలుగు యూనిట్లు. 24 యూనిట్లకు ఆరు కిలోవాట్లు కావాలి. ఆ కరెంటును ఇంటికి వాడుకున్నా, గ్రిడ్‌కు ఇచ్చినా విలువ ఉంటుంది కనుక అది ఉచితం కాదు. ఇక 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను. మైనింగ్ ఏర్పాట్ల ఖర్చును అందులో మినహాయించరని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది.

తప్పు కార్డుది కాదు, దానికి అప్పగించిన పనిది. 2012లో చిత్రాలను గుర్తుపట్టడంలో సంచలనం సృష్టించిన అలెక్స్‌నెట్ అనే కృత్రిమ మేధ నమూనాకు శిక్షణ ఇచ్చింది రెండు గేమింగ్ కార్డులే. ఇంట్లో కార్డుంటే పిల్లల చదువుకు, డిజైన్‌కు, ప్రోగ్రామింగ్‌కు వాడండి. మైనింగ్ కోసం మాత్రం అప్పుచేసి కొనకండి.