ప్లస్ టూ పిల్లలున్న ఇళ్ళలో కాలేజీ లెక్క దసరాకే మొదలవ్వాలి

ఏటా జూన్ వచ్చేసరికి ఆర్యపల్లిలో ఒకటే హడావిడి. ప్లస్ టూ ఫలితాలు వచ్చేసి ఉంటాయి, దరఖాస్తు గడువు దగ్గరపడుతుంటుంది, చేతిలో మాత్రం డబ్బుండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా వేట నిషేధం కదా. మర పడవల మీద బతికే ఇళ్ళకు ఆ రెండు నెలలూ రాబడి ఉండదు, దాని వెనకాలే కాలేజీ ఫీజు వచ్చి పడుతుంది. అందుకే ఆ డబ్బు శీతాకాలం వేటలోనే పక్కన పెట్టుకోవాలి. కాగితాల పని ఇంకా ముందే, దసరా నాటికి మొదలుపెట్టాలి.

కాగితాల్లో మనవాళ్ళను అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా బడుల్లో చివర రాస్తారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, బ్యాంకు పుస్తకంలో మూడోలా ఉంటే ఉపకారవేతనం ఆగిపోతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నదాన్నే ప్రమాణంగా తీసుకుని మిగిలినవి దాని ప్రకారం దిద్దించుకోండి. నివాస, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఛత్రపురం తాసిల్దారు ఇవ్వాలి. ఆంధ్రలో మేనమామ ఇంటి నుంచి తెచ్చిన కుల పత్రం ఇక్కడి రిజర్వేషన్‌కు పనికిరాదు, ఎందుకంటే ఏ రాష్ట్రం జాబితా ఆ రాష్ట్రానిదే.

ప్లస్ త్రీ డిగ్రీలో చేరడానికి దారి శామ్స్. ఒకే ఆన్‌లైన్ దరఖాస్తులో ఛత్రపురం సైన్స్ కళాశాల, బరంపురంలో 1878 నాటి ఖల్లికోట్, ఇలా ఎన్నో కాలేజీలను వరుసగా కోరుకోవచ్చు. ఆ వరుసే ముఖ్యం. సీటు వచ్చిన కాలేజీలో గడువులోగా చేరకపోతే తర్వాతి జాబితాలో మన పేరుండదు. చేరి, పై కాలేజీ కోసం స్లైడ్ అప్ అడగవచ్చు. కాబట్టి రోజూ వెళ్ళిరాలేని కాలేజీని ఊరికే పైన రాయకండి. బస్సు ఖర్చు, ఆడపిల్లకు హాస్టల్, ఇవన్నీ ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి.

ఇంజనీరింగ్‌కు జేఈఈ మెయిన్ (జనవరి, ఏప్రిల్‌లో రెండు విడతలు), వైద్యానికి నీట్. జనవరి విడతకు దరఖాస్తు అంతకుముందు శీతాకాలంలోనే ముగుస్తుంది. ఇక్కడొక మెలిక ఉంది. రెండు పరీక్షలూ తెలుగులో రాయవచ్చు. కానీ తెలుగు ఎంచుకుంటే కేంద్రం ఆంధ్ర, తెలంగాణల్లోనే ఇస్తారు, బరంపురంలో ఇవ్వరు. ఒడియా ప్రశ్నపత్రం ఒడిశా కేంద్రాల్లో దొరుకుతుంది. మాతృభాష మీద ప్రేమ వేరు, తెల్లారి పరీక్షకు ముందు రాత్రంతా రైలు ప్రయాణం వేరు. పిల్లలు ఏ భాషలో ఫిజిక్స్ చదివారో ఆ భాషే మంచిదని మా అభిప్రాయం.

ఆంధ్రలో చదివిద్దామనుకునేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం అక్కడ 85 శాతం సీట్లు స్థానికులవి. మిగిలిన 15 శాతానికి కూడా నివాస షరతులున్నాయి. తెలుగు మాట్లాడతాం కాబట్టి స్థానికులమైపోం. మనకు తెరిచి ఉన్న దారి కేంద్రీయ విశ్వవిద్యాలయాలు. హైదరాబాద్, విజయనగరం గిరిజన విశ్వవిద్యాలయం, కొరాపుట్, వీటికి సీయూఈటీ రాస్తే చాలు, ఏ రాష్ట్రంవారని సీటు ఆపరు.

దగ్గరలోనే ఉన్నా మనవాళ్ళ కళ్ళబడనిది రంగైలుండ మత్స్య కళాశాల. గోపాల్‌పూర్ దారిలో 1981 నుంచి ఉంది. సముద్రం మీద పెరిగిన పిల్లలు దాని గేటు ముందునుంచే బస్సులో వెళ్ళిపోతుంటారు! సైన్స్‌తో ప్లస్ టూ చదివినవాళ్ళకే అక్కడ ప్రవేశం. ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రకటన వేరుగా వస్తుంది, శామ్స్‌లో వెతికితే కనబడదు.

ఇంకొక్క మాట, తొమ్మిదో తరగతి పిల్లల ఇళ్ళకు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. ఏడో తరగతి స్థాయిలో ఒడియా ఒక సబ్జెక్టుగా ప్యాసవనివాళ్ళు విడిగా భాషా పరీక్ష రాయాల్సి ఉంటుంది. ప్లస్ టూలో మాతృభాషగా తెలుగు తీసుకునే వీలుంది, తీసుకోండి. ఒడియా మార్కుల కాగితం మాత్రం ఇప్పుడే బీరువాలో భద్రం చేయండి.