గిల్టు బిళ్ళకు గీటురాయి: జర్మను నావికుల బెల్టు బకిళ్లను గూర్చిన అపోహలు, వాస్తవాలు

మన కచ్చేరీలలో బిళ్ళబంట్రోతు దవాలీపై ఇత్తడి బిళ్ళ యొకటి తళతళలాడుచుండెడిదనియు, మనిషి మొగమునకంటె ముందుగా ఆ బిళ్ళనే జూచి జనులు దారి యిచ్చెడివారనియు పెద్దలు చెప్పుదురు. రెండవ ప్రపంచయుద్ధమున జర్మను నావికుని నడుమును బిగించిన బెల్టు బకిల్ కూడ అట్టి అధికారచిహ్నమే; అది యొక ఘోరపాలన పక్షమున నిలిచిన అధికారము. ఆ కాలమునకు సాక్ష్యముగా యుద్ధవస్తువులను సేకరించువారికి అసలు బిళ్ళ యెంత విలువైనదో, నకిలీ బిళ్ళ అంత హానికరమైనది. ఏలయన కల్ల సాక్షి యొక్కడు చేరినచో నిజమైన సాక్షి మాట కూడ చెల్లకపోవును.

నావికాదళపు బిళ్ళ యనగానే దానిపై లంగరు గుర్తు ఉండితీరవలెనని పలువురు తలంతురు. ఇది మొదటి అపోహ. ఉత్సవవేషమున అధికారులు ధరించిన జరీపట్టీ బకిల్‌పై లంగరు కలదు గాని, సామాన్య నావికుని బిళ్ళ మాత్రము పదాతిసైనికుని బిళ్ళకు అచ్చముగా తోబుట్టువు: నడుమ స్వస్తికను కాళ్ళ బట్టిన గ్రద్ద, పైన అర్ధవలయముగా ‘గాట్ మిట్ ఉన్స్’ అను మూడు మాటలు, క్రింద ఆకుల వరుస, చుట్టును పేనిన త్రాటివంటి అంచు. భేదమంతయు రంగులోనే యున్నది. సైన్యమువారిది వెండిచాయగానో బూడిదవన్నెగానో యుండగా నావికులది బంగారువన్నె. 1935లో ఆ దళమునకు ‘క్రీగ్స్‌మరీన్’ అను పేరు వచ్చిన తరువాత, 1936 నుండి అల్యూమినియముతో చేసి గిల్టు పూసిన బిళ్ళలు, యుద్ధము ముదిరిన కొలది బంగారువన్నె వేసిన ఉక్కుబిళ్ళలు విరివిగా వెలువడినవి.

రంగొక్కటే భేదమగుటచేత మోసమునకు ద్వారము కూడ అదియే యైనది. లక్షలకొలదిగా తయారైన సైన్యపు బిళ్ళలు సులభముగా లభించును; నావికులవి అరుదు, వెల హెచ్చు. కావున నిక్కమైన సైన్యపు బిళ్ళకే నేడు గిల్టు పూసి నావికుని బిళ్ళగా అమ్ముదురు. అచ్చు అసలుది, ముద్ర అసలుది, తోలుపట్టీ అసలుది; బంగారమొక్కటే బొంకు. దీనిని పట్టుటకు భూతద్దమును, ఓపికయును చాలును. ఏండ్ల తరబడి ధరించిన బిళ్ళపై గ్రద్ద రొమ్మునందును, త్రాటియంచు శిఖరములందును గిల్టు అరిగి లోపలి లోహము బయటపడును; అక్షరముల సందులలోను, వెనుక కొక్కెము మాటునను రంగు నిలిచియుండును. కొత్తగా పూసినదానియందు ఈ క్రమము తలక్రిందులగును: పాతగీతలలోనికి బంగారము దిగి, మురికి మీదనే పొరకట్టి, అరిగిన రొమ్ము కూడ నిగనిగలాడుచుండును. గీత పడిన పిమ్మట పూసిన పూత గీతను దాచును గాని గీతకు ముందున్నదానివలె తెగదు. ఈ యొక్క సూక్ష్మము తెలిసినవాడు సగము గండము గడచినట్లే.

‘దేవుడు మాతో నున్నాడు’ అని యర్థమిచ్చు ఆ మూడు మాటలు హిట్లరు కల్పించినవనుట మరియొక పొరపాటు. అవి ప్రష్యా రాజ్యపు నినాదము. 1847 నుండియే ప్రష్యను సైనికుల బిళ్ళలపై కిరీటముతో గూడి యుండినవి. మాట ప్రాతది, దానిక్రింద చేరిన స్వస్తిక క్రొత్తది. యుద్ధానంతరము పశ్చిమ జర్మనీ సైన్యము ఆ మాటలను విడిచి ‘ఐక్యత, న్యాయము, స్వాతంత్ర్యము’ అను మాటలను స్వీకరించినది.

తయారీదారుని ముద్ర యున్నచో ఇక సందేహమే లేదని కొందరు నిబ్బరముగా నుందురు. ల్యూడెన్‌షైడ్ పట్టణపు అస్మాన్, ఓవర్‌హోఫ్ వంటి కార్ఖానాల పేళ్ళు నకిలీవాడును చదివినవే. అచ్చు చెక్కగలవానికి నాలుగక్షరములు చెక్కుట కష్టము కాదు. ముద్ర లేని నిజమైన బిళ్ళలును కలవు. పైగా నాజీపార్టీ శాఖల సరకుపై వేయు ‘ఆర్.జడ్.ఎమ్.’ ముద్రను నావికుని బిళ్ళపై వేసి గొప్పగా చూపువారున్నారు. సైనికదళముల సరకుతో ఆ ముద్రకు సంబంధము లేదు గనుక, ధ్రువపత్రమని చూపినదే దోషపత్రమగుచున్నది.

నేను తొలినాళ్ళలో ఒక విదేశపు సంతలో కొన్న బిళ్ళను నేటికిని వేరుగా ఒక పెట్టెలో నుంచినాను. ముందుభాగము మనోహరముగా నుండెను. ఇంటికి వచ్చి వెనుకకు త్రిప్పి చూడగా వీపు నునుపుగా, బల్లపరుపుగా నున్నది. అసలు బిళ్ళను రేకుపై అచ్చుతో కొట్టుదురు. ముందు ఉబ్బిన గ్రద్ద వెనుక గుంటగా నీడదేలును. కొక్కెమును, ముళ్ళ కడ్డీని తరువాత అమర్చుదురు. నా బిళ్ళ పోతపోసినది. భూతద్దము క్రింద రెక్కల సందున సూదిమొనంతటి బుడగగుంటలు నాలుగు కనబడినవి. త్రాటియంచు పురులు వేడికి కరగిన మైనమువలె ఒకదానిలో నొకటి కలిసిపోయినవి. కరగిన లోహము చల్లారుచు కుదించుకొనును గనుక, అసలు బిళ్ళనుండి మూస తీసి పోసినది అసలుకంటె పిసరంత చిన్నదగును. ఆ మరునాడే కొలపనిముట్టు కొన్నాను.

అయస్కాంతము అంటుకొన్నచో నకిలీ యనుట సరికాదు: ఉక్కుబిళ్ళ అంటుకొనును, అల్యూమినియము బిళ్ళ అంటుకొనదు, రెండును నిజములే. తుప్పు ప్రాచీనతకు గుర్తనుటయు సరికాదు. ఉప్పునీటిలో నానవేసినచో కొన్ని దినములలోనే ఉక్కు తుప్పుపట్టును.

అన్నిటికంటె ప్రమాదకరమైనది కథ. మునిగిన బిస్మార్క్ నౌకనుండి తెచ్చినదని చెప్పుచు బిళ్ళ చూపినచో నమ్మకుడు. 1941 మే 27న ఆ నౌక 2,200 మందికి పైగా నావికులతో మునుగగా, నూటపదిహేను మందికి మించి బ్రదుకలేదు. 1989లో రాబర్ట్ బల్లార్డ్ కనుగొన్న దాని శిథిలము సుమారు 4,800 మీటర్ల లోతున సమాధిగా నున్నది. జలాంతర్గామి నావికులకు ప్రత్యేకమైన బిళ్ళ యున్నదనుట కూడ అమ్మకపు కథయే. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవునుండి యు-180 జలాంతర్గామిలో సుభాస్ చంద్ర బోసు వెంట బయలుదేరి, ఏప్రిలులో మడగాస్కరు సమీపసముద్రమున జపాను జలాంతర్గామిలోనికి మారిన మన హైదరాబాదీ ఆబిద్ హసన్‌కు తోడిప్రయాణికులైన ఆ యు-180 నావికులకును తక్కిన నావికాదళపు బిళ్ళయే యిచ్చెడివారు. కథను ప్రక్కనబెట్టి వస్తువును చూడవలెను.

ఇట్టి చిహ్నములను బహిరంగముగా ప్రదర్శించుట జర్మనీ శిక్షాస్మృతి 86ఎ సెక్షనుక్రింద నేరము. చరిత్రపరిశోధన, విద్యాబోధన వంటివానికి మినహాయింపు కలదు. సేకరించువారు ఈ హద్దును గుర్తెరిగి వర్తించుట మంచిది. మరియొక్క మనవి. ఇంట ఇత్తడిని చింతపండుతో తోము అలవాటుచొప్పున ఈ బిళ్ళను తోమకుడు, పాలిష్ పెట్టకుడు. సందులలో మిగిలిన ఆ కొద్దిపాటి గిల్టు పోయినచో అది నావికునిదో, పదాతిసైనికునిదో తేల్చుటకు మరి యాధారముండదు.