నమాజు సందేహం సరే, వైద్య సందేహం మాటేమిటి?

ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) ఒకనాడు దైవప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధికి వచ్చి, తనకు రక్తస్రావం ఆగడం లేదని, నమాజు మానివేయాలా అని అడిగారు. అది బహిష్టు కాదని, ఒక నరం నుంచి వచ్చే స్రావమని ఆయన వివరించారు. బహిష్టు దినాలు గడిచిన తర్వాత శుభ్రపరచుకుని నమాజు కొనసాగించమన్నారు. ధర్మశాస్త్ర గ్రంథాల్లో ‘ఇస్తిహాజా’ గురించి జరిగిన చర్చకు ఈ సంఘటన ఒక ముఖ్యమైన ఆధారం. ధర్మజ్ఞానం పొందడానికి సిగ్గును అడ్డురానివ్వని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ప్రత్యేకంగా ప్రశంసించారు.

ఆ ప్రశ్న నేటికీ మన ఇళ్లలో వినిపిస్తూనే ఉంది. ముట్లుడిగి నాలుగైదేళ్లయిన తల్లి దుస్తులపై మరక కనిపిస్తే, గుసుల్ చేయాలా, నమాజు చెల్లుతుందా అని కూతురి ద్వారా ఆలిమాను అడిగిస్తుంది. సరైన సమాధానమే దొరుకుతుంది. నమాజు కొనసాగుతుంది, రక్తస్రావమూ కొనసాగుతుంది. ఆరాధన ఎలా చేయాలో ఫిఖహ్ చెప్పింది. ఆ రక్తం ఎందుకు వస్తోందో చెప్పవలసినది వైద్యశాస్త్రం. ఈ రెండో ప్రశ్న అడగకపోవడం వల్ల పోతున్న ప్రాణాలు తక్కువేమీ కావు.

నెలసరికీ నెలసరికీ మధ్య రక్తస్రావం, ముట్లుడిగిన తర్వాత రక్తస్రావం, దంపతుల కలయిక అనంతరం కనిపించే రక్తం, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట... వీటిలో ఏదైనా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సూచన కావచ్చు. చాలా సందర్భాల్లో కారణం మామూలుదే అయి ఉంటుంది. అయితే ఆ సంగతి తేల్చవలసింది పరీక్షే గాని, పక్కింటి పెద్దమ్మ అనుభవం కాదు. 2022లో మన దేశంలో సుమారు లక్షా ఇరవై ఏడు వేల మంది స్త్రీలకు ఈ క్యాన్సర్ సోకిందని, దాదాపు 80 వేల మంది మరణించారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. భారతీయ స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ తర్వాతి స్థానం దీనిదే.

దాదాపు ఈ క్యాన్సర్లన్నిటికీ మూలం హ్యూమన్ పాపిల్లోమా వైరస్, సంక్షిప్తంగా హెచ్‌పీవీ. జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ 1983, 84 సంవత్సరాల్లో దీని 16వ, 18వ రకాలను క్యాన్సర్ కణాల్లో గుర్తించారు. అందుకు 2008లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఈ వైరస్‌లో 200కు పైగా రకాలున్నాయి. కొన్ని పులిపిర్లకు మాత్రమే కారణమవుతాయి. ప్రమాదకరమైనవి సుమారు పద్నాలుగు. వాటిలో 16, 18 రకాలే దాదాపు 70 శాతం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు కారణం.

వైరస్ సోకిన ప్రతి స్త్రీకీ క్యాన్సర్ రాదు. అల్లాహ్ మన దేహంలో ఉంచిన రోగనిరోధక శక్తి నూటికి తొంభై సందర్భాల్లో రెండేళ్లలోపే దానిని తొలగిస్తుంది. మిగిలిన కొద్దిమందిలో అది తిష్ఠ వేసుకుని ముఖద్వార కణాలను మెల్లగా మారుస్తుంది. ఆ మార్పు క్యాన్సర్‌గా పరిణమించడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. ఇంత సుదీర్ఘమైన గడువు ఇచ్చే క్యాన్సర్లు అరుదు.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం దాటవేయరాదు. ఈ వైరస్ ప్రధానంగా లైంగిక సంబంధం ద్వారా వ్యాపిస్తుంది. అందువల్ల ‘మర్యాదగల కుటుంబాలకు ఈ పరీక్షలెందుకు’ అనే మాట వస్తుంది. అంతకన్నా దారుణమైనది, వైరస్ ఉన్నట్టు తేలిన భార్యను అనుమానించడం. హెచ్‌పీవీ ఏ లక్షణమూ చూపకుండా ఏళ్ల తరబడి దేహంలో ఉండగలదు. పురుషునిలో కూడా అంతే. వివాహానికి ముందటి భర్త జీవితం నుంచి, లేదా వితంతువుకు, విడాకులు పొందిన స్త్రీకి మునుపటి దాంపత్యం నుంచి అది వచ్చి ఉండవచ్చు. ఎప్పుడు, ఎవరి నుంచి సోకిందో ఏ పరీక్షా చెప్పలేదు. శీలవతిపై నింద మోపేవారు నలుగురు సాక్షులను తేలేకపోతే శిక్షార్హులని నూర్ సూరా నిర్దేశించింది. ప్రయోగశాల ఇచ్చిన కాగితం ఆ నలుగురు సాక్షులలో ఒక్కరితోనూ సమానం కాదు. ఆ కాగితం చేతికొచ్చిన రోజున భర్త చేయవలసింది భార్య వెంట ఆసుపత్రికి వెళ్లడం.

ముప్పై ఏళ్లు దాటిన వివాహిత ఏ బాధా లేకపోయినా పరీక్ష చేయించుకోవాలి. మన ప్రభుత్వ కార్యక్రమం 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకోసారి చేసే పరీక్ష ఎంతో సరళమైనది. ముఖద్వారంపై పలుచని ఆసిటిక్ ఆమ్లం అద్ది, నిమిషం ఆగి చూస్తారు. మార్పు చెందిన కణాలున్న చోట తెల్లగా కనబడుతుంది. శిక్షణ పొందిన నర్సు కూడా చేయగలదు. వైరస్‌నే నేరుగా వెతికే హెచ్‌పీవీ పరీక్ష ఇంతకన్నా నమ్మదగినది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేలకు పైగా గ్రామీణ స్త్రీలపై జరిపిన పరిశోధన ఫలితాలు 2009లో వెలువడ్డాయి. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష జరిగిన స్త్రీలలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఈ పరీక్షకు నమూనాను స్త్రీ తానే ఏకాంతంగా తీసి ఇవ్వవచ్చు. పర్దా పాటించే సోదరీమణులకు ఇదొక గొప్ప వెసులుబాటు. నర్సు గాని, వైద్యురాలు గాని చూసినా సంకోచించనక్కరలేదు. స్త్రీ వైద్యురాలు దొరకని అవసర సమయంలో పురుష వైద్యునికి చూపించడానికి కూడా ఫుఖహా అనుమతించారు.

ఇక టీకా. వైరస్ పైపొరను పోలిన ప్రొటీన్‌తో దీనిని తయారు చేస్తారు. లోపల సజీవ వైరస్ ఉండదు కనుక దీనివల్ల వ్యాధి సోకదు. సంతానం కలగదన్న ప్రచారానికి ఆధారం లేదు. హలాల్ గురించి అడిగేవారికి ఒక మాట. గార్డసిల్ టీకా పదార్థాల్లో జిలాటిన్ లేదు. మన దేశంలో సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావ్యాక్‌కు 2022లో అనుమతి లభించింది. అప్పటికే సోకిన వైరస్‌ను టీకా తొలగించలేదు కనుక 9 నుంచి 14 ఏళ్ల వయసులోనే వేయించాలి. బాలిక శీలంపై సందేహంతో ఎవరూ దీనిని వేయించరు. రేపు ఆమె భర్త అయ్యేవాని గతం ఆమె చేతిలో ఉండదు, అంతే. ఇంగ్లండులో పన్నెండు, పదమూడేళ్లకే టీకా పొందిన తరంలో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గినట్టు 2021లో వెల్లడైంది.

తెలుగు తల్లిదండ్రుల భయానికి మాత్రం ఒక చరిత్ర ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో ప్రయోగాత్మకంగా బాలికలకు ఈ టీకా వేశారు. ఏడుగురు బాలికలు మరణించడంతో 2010లో కార్యక్రమం ఆపేశారు. మరణాలకు టీకా కారణమనడానికి ఆధారం లేదని విచారణ సంఘం తేల్చింది. అయితే హాస్టళ్లలోని పిల్లల తరఫున వార్డెన్లే సంతకాలు చేయడాన్ని, తల్లిదండ్రులకు వివరించకపోవడాన్ని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. నా ఉద్దేశంలో ఆ కోపం న్యాయమైనదే. పేద గిరిజన బాలికల విషయంలో అనుమతిని లాంఛనంగా చూడటం ఘోరమైన తప్పు. అందుకే నేడు ఏ తల్లి అయినా టీకా పేరు, మోతాదులు, దుష్ప్రభావాల గురించి నిలదీసి అడగాలి. జవాబులు తెలిసిన తర్వాతే సంతకం పెట్టాలి. సూది పొడిచిన చోట నొప్పి, కొద్దిపాటి జ్వరం, కళ్లు తిరగడం సాధారణం. పావుగంట కూర్చోబెట్టడం అందుకే.

ముస్లిం దేశాల సంగతి చూస్తే, మలేషియా 2010 నుంచే పదమూడేళ్ల బాలికలకు బడుల్లో టీకా వేస్తోంది. బంగ్లాదేశ్ 2023లో ఢాకా నుంచి ప్రారంభించింది.

వ్యాధి నిర్ధారణ అయినంత మాత్రాన దారులు మూసుకుపోవు. తొలి దశలో శస్త్రచికిత్స, ఆపై దశల్లో కీమోతో కూడిన రేడియేషన్ అందుబాటులో ఉన్నాయి. హైదరాబాదులో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరిట వెలసిన ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రం నడిపే హోమీ భాభా ఆసుపత్రి ఇందుకు ఉన్నాయి. చికిత్సా కాలంలో రక్తస్రావం ఆగకపోతే నమాజు ఎలా చేయాలన్న సందేహం మళ్లీ వస్తుంది. అప్పుడు ఇస్తిహాజా ఆదేశాలే వర్తిస్తాయి. ఆ జవాబు ఆలిమా వద్ద అడగండి, తదుపరి రేడియేషన్ తేదీ ఆసుపత్రిలో అడగండి.