సాధువులైన కుక్కలున్న యింటికి గడుసు కుక్కపిల్ల



ఇంటికి క్రొత్తగా నొకరు వచ్చినపుడు ముందునుండి యున్నవారి మనస్సు నొవ్వకుండ చూచుకొను భారము గృహిణిదే. ఈ మాట మన వాకిట పడియుండు కుక్కలకును వర్తించును.

కర్నూలు, కడప సీమలలో గొఱ్ఱెలమంద పొలమున దిగిన రాత్రులందు కాపుండునది కుక్కయే. అట్టి మందకుక్క పిల్లను ముద్దుపడి యింటికి తెచ్చుకొనువారు కలరు. రెండు వారములు గడచునప్పటికి ఆ పిల్ల ముసలికుక్క ముందరి సంగటిముద్దను లాగికొనును. దాని పడకను ఆక్రమించును. చెవులు పట్టి యీడ్చును. ముసలిది పల్లెత్తి యొకమాట యనదు. "ఇది పెరిగి పెద్దదైనచో వీనిని బ్రదుకనిచ్చునా?" యని యిల్లాలికి దిగులు కలుగుట సహజము.

ఇట్టి పిల్లకు పుట్టుకతోనే పెత్తనపు బుద్ధి యున్నదనియు, దానిని వెల్లకిల పడవేసి అదిమిననే లొంగుననియు కొందఱు చెప్పుదురు. ఈ భావమునకు మూలము తోడేళ్లను గూర్చిన యొక పరిశీలన. రుడాల్ఫ్ షెంకెల్ అను శాస్త్రజ్ఞుడు స్విట్జర్లాండు దేశమున బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధింపబడిన తోడేళ్లను చూచి, అవి పెత్తనమునకై పోరాడునని 1947లో ప్రకటించెను. కాని అడవిలో స్వేచ్ఛగా తిరుగు మంద సాధారణముగా తల్లి, తండ్రి, వాని పిల్లలు గల కుటుంబమేయని అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్ 1999లో వివరించెను. నేడు నంద్యాల జిల్లాలో నున్న మన రోళ్లపాడు గడ్డిబీళ్లలో తిరుగు తోడేళ్లును కుటుంబముగా బ్రదుకు జంతువులే. కావున పిల్లను కొట్టి లొంగదీయుటకు తోడేలు మనకు సాక్ష్యము పలుకదు. కొట్టిన పిల్లకు భయము పెరుగును. భయపడిన కుక్కయే ముందుగా కఱచును.

అట్లని ముప్పు లేదని కాదు. ముప్పు పిల్ల గడుసుతనమునకంటె పెద్దవాని ఓర్పులో నెక్కువగా నున్నది. మామూలు కుక్కయైనచో హద్దు మీఱిన పిల్లను గుఱ్ఱుమని యొక్కసారి మందలించును, పిల్ల నేర్చుకొనును. సాధుకుక్క ముఖము త్రిప్పుకొనును, పెదవులు నాకుకొనును, తోక ముడుచుకొని మఱియొక మూలకు పోవును. మనము దానిని మంచితనమని మెచ్చుకొందుము. పిల్ల మాత్రము లాగికొన్నది తనదేయని నేర్చును. చెప్పలేని కుక్క పక్షమున చెప్పవలసినది మనమే.

మొదటి కలయిక యింటిలో గాక వెలుపల, ఏ కుక్కకును సొంతము గాని చోట జరుగుట మేలు. అంతకుముందే పశువైద్యునిచే పిల్లను చూపించి టీకాల క్రమము తెలిసికొనవలెను. పెద్దకుక్కలకును పిచ్చికుక్క వ్యాధి టీకా గడువు దాటియుండరాదు. ఒక్కొక్క పెద్దకుక్కను వేఱువేఱుగా తెచ్చి, త్రాళ్లు బిగింపక వదులుగా పట్టుకొని, కొంత యెడముగా ప్రక్కప్రక్కన నడిపింపవలెను. ముఖాముఖి నిలుపరాదు. వాసన చూచికొని మరలిన పిమ్మట ఇంటికి తీసికొనిరావచ్చును.

ఇంటిలో తగవు పుట్టునది మూడింటివద్ద: కూడు, నీరు, నీడ. వేఱువేఱు గదులలో అన్నము పెట్టి, తినుట ముగియగానే గిన్నెలు తీసివేయవలెను. నీటితొట్లు రెండు మూడు చోట్ల నుంచవలెను. మన సీమ యెండలలో నీడను మఱువరాదు. వసారాలో పఱచిన కడపబండలు మధ్యాహ్నమునకు కాలిపోవును. చల్లనిచోటు ఒక్కటే యున్నచో గడుసుది దానిని పట్టును, సాధువు ఎండపాలగును. కావున పెద్దకుక్కకు పిల్ల చేరరాని చల్లనిమూల నొకటి తడికె కట్టియైనను ఏర్పఱుపవలెను.

ఆట శ్రుతి మించినదో లేదో తెలియుటకు సులభమైన పరీక్ష యున్నది. పిల్లను మెల్లగా పట్టి నిలుపుడు. పెద్దది తానై మరల ఆటకు వచ్చినచో దానికి ఇష్టమే. దొరికినదే చాలునని తొలగిపోయినచో ఆట అంతటితో ఆపి, పిల్లను కొంతసేపు వేఱుగా నుంచి కొఱుకుటకు ఏదైన నీయవలెను. పెద్దకుక్క గుఱ్ఱుమన్నచో దానిని గద్దింపరాదు. గుఱ్ఱు ఒక హెచ్చరిక. దానిని మాన్పించినచో హెచ్చరింపకయే కఱచు కుక్క తయారగును. ఎవరును చూచుచుండనపుడు పిల్లను పెద్దవానితో విడువరాదు. పసిబిడ్డలతో అసలే విడువరాదు.

కుక్కపిల్లకు మూడవ వారమునుండి పండ్రెండవ వారము వఱకు లోకజ్ఞానము బాగుగా అబ్బుకాలమని స్కాట్, ఫుల్లర్ అను పండితులు 1965లో వెలువరించిన గ్రంథమున నిరూపించిరి. ఆ ప్రాయమున పిల్లకు పిలిచిన వచ్చుట, వాకిటివద్ద ఆగుట, అన్నమునకు ముందు కూర్చుండుట చిన్నముక్క యాశ చూపి నేర్పవలెను. ఇంటిలో ఏదియు లాగికొనిన రాదు, ఓర్చిననే వచ్చునని అది తెలిసికొనును.

ఇంత చేసినను కొన్ని కుక్కలు ఏడాది, రెండేండ్ల ప్రాయమున, ముఖ్యముగా ఒకే జాతి లింగము గలవి, మరల తగవునకు దిగవచ్చును. నెత్తురు వచ్చునట్లు కఱచికొనినచో వానిని వెంటనే వేఱుపఱచి పశువైద్యుని సంప్రదింపవలెను. విడదీయ చేతులు నడుమ పెట్టకుడు. మనిషికి పండ్లు తగిలినచో గాయమును సబ్బుతో, పాఱు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము లేక ఆసుపత్రికి పోవలెను.

నెలలు గడచినను మీ ముసలికుక్క తినుట తగ్గించి, మంచముక్రింద దాగుచున్నచో, పిల్లను తగిన మఱియొక యింటి కిచ్చుటకు సంకోచింపకుడు. అది పిల్లకు ద్రోహము కాదు. ఏండ్లకొలది మన గడప కాచినదానికి ఆ గడపలో నెమ్మదిగా కన్నుమూసి నిదురించు హక్కు ముందుగా నున్నది.